మూడో బెల్లుకు ముందు: రిహార్సల్‌లో అసలేం జరుగుతుంది?

"అన్నా, నా డైలాగులు నాకు వచ్చేసినయ్. రేపు కూడా రావాల్నా?"

హనుమకొండలో మేం నాటిక రిహార్సల్ చేసుకునే బడి గదిలో ప్రతిసారీ ఎవరో ఒక కొత్త కుర్రాడు ఈ మాట అడుగుతాడు. వాడి మీద నాకు కోపం రాదు. నిజంగానే కష్టపడి నేర్చుకుని ఉంటాడు. బండి మీద వస్తూ, స్నానం చేస్తూ, అన్నం తింటూ కూడా పైకి అనుకుని ఉంటాడు. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్తాడు. కానీ ఎదుటి నటుడు తన మాట చివర ఒక్క పదం మార్చాడంటే చాలు, మనవాడికి నోరు పెగలదు. వాడు నేర్చుకున్నది తన మాటలు మాత్రమే. అవి ఎవరి మాట తర్వాత, ఎందుకు, ఎక్కడ నిలబడి అనాలో ఇంకా నేర్చుకోలేదు.

నేను వేషం కట్టే మనిషిని కాను. లైట్లు, తెర, సామాను చూసుకుంటాను. పక్కన చీకట్లో నిలబడి చూసేవాడికి ఒక విషయం బాగా తెలుస్తుంది. వేదిక మీద ఒంటరిగా జరిగే పని అంటూ ఏదీ లేదు. నటుడు కూర్చోవాలంటే కుర్చీ అక్కడ ఉండాలి. కుర్చీ కనబడాలంటే లైటు పడాలి. లైటు ఎప్పుడు పడాలో ముందు సీన్‌లో తల్లి వేషం వేసిన ఆమె చివరి మాట చెప్తుంది. ఒకరి పని ఆగిన చోట ఇంకొకరి పని మొదలవుతుంది. ఆ అతుకులు గట్టిపరుచుకోవడమే రిహార్సల్. ఇది పట్టుకుంటే నాటకం వాళ్లు నెల రోజులు ఒకే గదిలో ఎందుకు కూర్చుంటారో తెలుస్తుంది. డోలు, తాళంతో దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు కథ వాళ్లు రిహార్సల్ అనే మాటే ఎత్తకుండా తెల్లవార్లూ కథ ఎలా నడుపుతారో కూడా తెలుస్తుంది.

మొదట నాటకం సంగతి చూద్దాం, నేను దగ్గరగా చూసింది అదే కాబట్టి. మొదటి నాలుగైదు రోజులు ఎవరినీ లేచి నిలబడనివ్వరు. చాప పరుచుకుని గుండ్రంగా కూర్చుని చదవడమే. కొత్తవాళ్లకు ఇది విసుగు. లేచి నటిస్తేనే పని జరిగినట్టు అనిపిస్తుంది వాళ్లకు. కానీ కూర్చుని చదివేటప్పుడే ఎదుటివాడి మాట వినడం అలవాటవుతుంది. ఈ పాత్రకు ఏం కావాలి, ఈ మాట అనకపోతే ఏం పోతుంది, ఇక్కడ ఎందుకు కోపం వచ్చింది అనే ప్రశ్నలు అప్పుడే తేలాలి. లేచి నిలబడ్డాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగే సరిపోతుంది.

మా దగ్గర ఈ రోజుల్లోనే ఇంకో తగువు కూడా తేలాలి. రచయిత "వచ్చాడు" అని రాస్తాడు. వరంగల్ మనిషి నోట్లోంచి "వచ్చిండు" అని వస్తుంది. ఒకే ఇంట్లో తండ్రి "ఎక్కడికి వెళ్లావు" అని, కొడుకు "ఏడికి పోయినవ్" అని అంటే ప్రేక్షకుడు కథలోంచి బయటికి వచ్చేస్తాడు. ఏ ఇంటి కథ, ఏ ఊరి కథ అని నిర్ణయించుకుని అందరి యాస ఒక దారికి తేవాలి. ఇది ఒక్కపూటలో అయ్యే పని కాదు. మామూలుగా మాట్లాడితే మన యాసే వస్తుంది, కోపం వచ్చే సీన్‌లో మాత్రం చిత్రంగా సినిమా భాష తన్నుకొస్తుంది. అలాంటి చోట్ల పెన్సిల్‌తో గీతలు పడుతూనే ఉంటాయి.

తర్వాత నిలబడే రోజులు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను. మా బడి గది పొడవు 20 అడుగులు. మేం ఆడబోయే వేదిక 30 అడుగులు. గదిలో సుద్దముక్కతో గీతలు గీసుకుంటాం. ఇది గుమ్మం, ఇది మంచం, ఇది బావి గట్టు. ఒకసారి మా నాటికలో కొడుకు గుమ్మం దగ్గర్నించి మంచం మీదున్న తల్లి దాకా నడుస్తూ ఒక మాట అనాలి. గదిలో అది నాలుగు అడుగులు. నాలుగో అడుగుకి మాట పూర్తవుతుంది, తల్లి చెయ్యి పట్టుకుంటాడు. వేదిక మీదికి పోయాక అదే దూరం ఏడడుగులైంది. మాట నాలుగో అడుగుకే అయిపోయింది. మిగతా మూడడుగులు చేతులూపుకుంటూ నడిచాడు పాపం. తల్లి చెయ్యి చాపి ఉంచింది, అది ఎంతకీ అందదు. చూసేవాళ్లకు అది మూడడుగుల ఖాళీ. వేదిక మీద ఆ ఖాళీ బావిలా కనిపిస్తుంది. ఆ తర్వాత నుంచి మా దర్శకుడు ముందే హాలుకు పోయి టేపుతో కొలిచి వస్తాడు. గదిలో చోటు చాలకపోతే వరండాలోకి, ఇంకా చాలకపోతే బడి ఆటస్థలంలోకి పోయి అసలు కొలతలతోనే గీతలు గీస్తాం.

ఈ నడకలకీ జ్ఞాపకానికీ సంబంధం ఉంది. ఫలానా మాట ఏదిరా అని కూర్చోబెట్టి అడిగితే తడుముకునే నటుడు, కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడవగానే టక్కున అనేస్తాడు. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అనే అమెరికా పరిశోధకులు నటుల జ్ఞాపకశక్తి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కదులుతూ అన్న మాటలు కదలకుండా అన్నవాటికంటే బాగా గుర్తుంటాయని వాళ్ల పరిశీలన. మంచి నటులు బట్టీ పట్టరనీ, పాత్ర ఈ మాట ఎందుకు అంటోందో వెతుక్కుంటూ పోతే మాటలు వాటంతట అవే పడతాయనీ కూడా వాళ్లు గమనించారు. మా ఊళ్లో పాతకాలం హార్మోనియం మాస్టర్లు ఇదే సంగతిని ఇంకోలా చెప్పేవాళ్లు. పద్యం మర్చిపోయావంటే అడుగు తప్పు వేసి ఉంటావు, ముందు అడుగు సరిచేసుకో అనేవాళ్లు.

కాగితం వదిలే రోజు అన్నిటికంటే కష్టమైన రోజు. అంతదాకా బాగా నడుస్తున్న నాటకం ఆ రోజు కుంటుతుంది. అందరూ పైకి చూస్తూ, కళ్లు మూసుకుంటూ, మాటలు వెతుక్కుంటూ ఉంటారు. పక్కన ఒకరు కూర్చుని మాట అందిస్తుంటారు. ఇలా అందించడంలోనూ నేర్పు ఉంది. నటుడు కావాలనే ఆగాడా, మర్చిపోయి ఆగాడా అన్నది వాడి ఊపిరిని బట్టి పసిగట్టాలి. తొందరపడి అందిస్తే మంచి మౌనం చెడిపోతుంది. ఆలస్యం చేస్తే మనిషి బిగుసుకుపోతాడు. అందించేవాడు మొదటి రోజు నుంచీ గదిలో ఉంటే తప్ప ఇది పట్టుబడదు. షో రోజు ఎవరినో తెచ్చి కూర్చోబెడితే వాడు చదివేది కాగితమే, మనిషిని కాదు.

మా దర్శకుడు చివరి వారంలో ఇంకో పని చేస్తాడు. ఒక నటుణ్ణి పక్కకు పిలిచి, "ఇవాళ రెండో సీన్‌లో ఫలానా మాట ఎగ్గొట్టు" అని చెవిలో చెప్తాడు. మిగతావాళ్లకు తెలియదు. ఆ మాట రాలేదని తెలియగానే ఎవరు ఎలా అందుకుంటారో చూస్తాడు. మొదటిసారి అందరూ నవ్వేస్తారు, లేదా దర్శకుడి వైపు చూస్తారు. మూడోసారికి ఎవరో ఒకరు పాత్రలోనే ఉండి, "ఏమైంది, మాట్లాడవేం?" అని కథను మళ్లీ పట్టాల మీదికి తెస్తారు. అప్పుడు ఈ నాటకం ఆడొచ్చు అని నాకు ధైర్యం వస్తుంది.

ఇక ఒగ్గు కథ, చిందు కుటుంబాలు వేషాలు కట్టి రాత్రంతా ఆడే చిందు యక్షగానం దగ్గరికి వస్తే, "వాళ్లకు రిహార్సల్ ఎక్కడిది, నేరుగా ఆడేస్తారు" అంటారు చాలామంది. ఇది మెచ్చుకోలుగా అంటారు గానీ, ఆ కళాకారుల శ్రమను చిన్నచూపు చూసే మాట ఇది. వాళ్ల రిహార్సల్ ఒక నెలలో దొరకదు. దాన్ని ఒక జీవితం పొడవునా పరిచారు, అంతే.

ఒగ్గు కథ చూడండి. వరంగల్ పక్కన ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. అటు కొమురవెల్లి మల్లన్న. ఈ గుళ్ల దగ్గర, ఇళ్లల్లో రంగుల ముగ్గులు వేసి చేసే పట్నాల పూజ దగ్గర ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్తారు. ప్రధాన కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు ముగ్గురు, డోలు, తాళం. కథకుడి కొడుకో తమ్ముడి కొడుకో చిన్నప్పుడు తాళం పట్టుకుని వెనక నిలబడతాడు. కొన్నేళ్లు తాళమే. తర్వాత వంత. వంత పాడేవాడి పని కథకుడి చివరి చరణాన్ని అందుకుని తిప్పి పాడటం, ఊఁ కొట్టడం, మధ్యలో అడ్డు ప్రశ్న వేయడం. బయటి నుంచి చూస్తే ఇది అలంకారంలా ఉంటుంది. నిజానికి ఆ రెండు చరణాల వ్యవధిలో కథకుడు గుక్క తిప్పుకుంటాడు, ముందు ఏం చెప్పాలో చూసుకుంటాడు, జనం ఎలా ఉన్నారో గమనిస్తాడు. పదేళ్లు వంత పాడినవాడికి కథ మొత్తం వచ్చేస్తుంది. దాంతోపాటు కథకుడు ఎప్పుడు అలసిపోతాడో, ఏ చూపు చూస్తే డోలు జోరు పెంచాలో కూడా వస్తుంది. నేను ముందు చెప్పిన అతుకులు వీళ్లకు చిన్నప్పుడే పడిపోతాయి.

చిందు యక్షగానంలోనూ అంతే. చిందు వాళ్లకు ఊళ్ల మీద మిరాశీ హక్కు ఉండేది, ఏ కుటుంబం ఏ ఊళ్లో ఆడాలో తరతరాలుగా నిర్ణయమై ఉండేది. కుటుంబమే బృందం. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అందరూ వేషాలు కడతారు. నిజామాబాద్ ప్రాంతంలో చిందు ఎల్లమ్మ, జనగామ ప్రాంతంలో గడ్డం సమ్మయ్య ఈ ఇళ్లల్లోంచే వచ్చారు. సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా జరిగే ఆట కాబట్టి ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ కుదించాలి అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. జనం కునుకు తీస్తుంటే హాస్యం లోపలికి వస్తుంది. తెల్లారొస్తుంటే యుద్ధం పొట్టిదవుతుంది. హార్మోనియం మీద ఒక స్వరం మారితే లోపల వేషం కడుతున్నవాళ్లకు తమ వంతు దగ్గరపడిందని తెలిసిపోతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇదే బృందాన్ని పట్నం సభకు పిలిచి "20 నిమిషాలు ఇస్తున్నాం" అన్నప్పుడు. ఆరు గంటల కథను 20 నిమిషాలకు కుదించడం ఆరు గంటలు ఆడటంకంటే కష్టం. రాత్రంతా ఆడేటప్పుడు తప్పు జరిగినా సర్దుకోవడానికి చోటుంటుంది. 20 నిమిషాల్లో ఆ చోటు ఉండదు. ఏ ఘట్టం తీసేస్తే కథ తెగిపోతుంది, ప్రార్థన ఎంత ఉంచాలి, మైకు ముందు నిలబడితే తిరుగుడు అడుగులు ఎలా వేయాలి అన్నవన్నీ కొత్తగా కూర్చుని తేల్చుకోవాలి. మామూలుగా రిహార్సల్ అవసరం లేని వాళ్లకు అప్పుడు నిజమైన రిహార్సల్ అవసరం పడుతుంది. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు కథను సభావేదికల మీదికి తీసుకెళ్లి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా చేర్చారు. ఆ పేరు వెనక ఇలా కుదించి కూర్చే పని చాలా ఉందని నేను నమ్ముతాను. నిర్వాహకులు పిలిచిన రోజే "ఎన్ని నిమిషాలు, ఎన్ని మైకులు, వేదిక ఎంత వెడల్పు" అన్న మూడు విషయాలు చెప్తే ఆ బృందాలకు ఎంతో మేలు. చాలాసార్లు మెట్లెక్కేటప్పుడు చెప్తారు. ఇది నాకు బాధగా ఉంటుంది.

ఒగ్గు డోలు విన్యాసంలో ప్రమాదం కూడా ఉంటుంది. డోళ్లు కొడుతూనే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. కింద నిలబడేవాడు ఎవరు, పైకి ఎక్కేవాడి బరువెంత, ఏ దరువుకు ఎక్కాలి, ఏ దరువుకు దిగాలి అన్నవి ముందే ఖరారై ఉండాలి. దిగడమే ఎక్కువ కష్టం, ఎక్కేటప్పుడు ఉన్న జాగ్రత్త దిగేటప్పుడు ఉండదు. నాటకాల్లో చెంపదెబ్బ, తోపులాట, ఉరితాడు సీన్లకూ ఇదే వర్తిస్తుంది. వీటిని మొదట నెమ్మదిగా, ఆ తర్వాత సగం వేగంతో చేయించాలి. విదేశీ నాటకశాలల్లో కొట్లాట సీన్ ఉంటే ప్రతి షోకి ముందు ఆ ఒక్క సీన్ మళ్లీ చేసి చూసుకుంటారు, అది వందో షో అయినా సరే. ఈ అలవాటు మనకూ రావాలి.

వరంగల్లో ఉండి కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యం ఊసెత్తకపోతే ఎలా? రిహార్సల్ అనే మాటకు అక్కడ ఇంకో అర్థం ఉంది. 1213లో కట్టిన రామప్ప గుడి గోడల మీద నర్తకులు, మద్దెలలు వాయించేవాళ్లు ఉన్నారు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాపతి జాయప 13వ శతాబ్దం మధ్యలో రాసిన నృత్తరత్నావళిలో పేరిణి వర్ణన ఉంది. ఆట మాత్రం మధ్యలో ఎప్పుడో తెగిపోయింది. 20వ శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, ఈ శిల్పాలనూ పట్టుకుని పేరిణిని మళ్లీ నిలబెట్టారు. ఇక్కడున్న కష్టం ఆలోచించండి. శిల్పం ఒక భంగిమ చూపిస్తుంది. పక్క శిల్పం ఇంకో భంగిమ చూపిస్తుంది. మొదటి దాన్నుంచి రెండోదానికి ఎలా వెళ్లాలో రాయి చెప్పదు. కాలు ముందు లేవాలా, నడుము ముందు తిరగాలా, ఎన్ని మాత్రల్లో తిరగాలి? ఆ మధ్య నడకను ఒళ్లు వంచి, పడి, లేచి, చేసి చూస్తేనే తెలుస్తుంది. శరీరం ఒప్పుకోని దారులు తప్పుకుంటాయి, ఒప్పుకున్నవి నిలుస్తాయి. అక్కడ సాధనే పరిశోధన. నాకు తెలిసిన పేరిణి పిల్లలు ఇప్పటికీ కాలు కదపకముందు సొల్లు, అంటే అడుగుల లయ చెప్పే జతులు, నోటితో పలుకుతారు, చేత్తో తాళం వేస్తారు, తర్వాతే అడుగు వేస్తారు. నోటితో తప్పు పలికినవాడి కాలు కూడా అక్కడే తప్పుతుంది.

ఇక నా పని సంగతి. ప్రేక్షకులకు అసలు కనబడని రిహార్సల్ ఇది, దీన్నే చాలామంది ఎగ్గొడతారు. నటులు సిద్ధమయ్యారు కాబట్టి నాటకం సిద్ధమైందనుకుంటారు. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ప్రతి పేజీలో ఎడమ పక్క నటుడి మాట, కుడి పక్క నేను చేయాల్సింది. "తల్లి: ...ఇంక నాకెవరున్నరు బిడ్డా" అన్నదానికి ఎదురుగా "నీలం లైటు, ఐదు లెక్కల్లో తగ్గించు". ఇలాంటివి గంట నాటికకు నలభై దాకా వస్తాయి. వీటినే క్యూలు అంటాం. సాంకేతిక రిహార్సల్ రోజు నటులను మొత్తం నాటకం ఆడమని అడగం. క్యూకు ముందు రెండు మాటలు, క్యూ, తర్వాత రెండు మాటలు. ఆపు. మళ్లీ. నటులకు ఇది చచ్చేంత విసుగు. సరిగ్గా ఏడుపు వచ్చే చోట ఆపి, "ఇంకోసారి, లైటు ఆలస్యమైంది" అంటాం. కానీ ఆ రోజు వాళ్లు ఓపిక పట్టకపోతే షో రోజు ఏడుపు చీకట్లో జరుగుతుంది.

లండన్ నాటకశాలల్లో క్యూలు పిలిచే మనిషి "గో" అన్నప్పుడే లైటు మారుతుంది, అందుకని పని జరుగుతున్నంతసేపు ఆ మాటను వేరే దేనికీ వాడకుండా జాగ్రత్తపడతారు. మేం మొదట్లో "ఓకే" అనేవాళ్లం. అందరూ అన్నిటికీ ఓకే అంటారు కాబట్టి ఒకరోజు ఎవరో టీ తాగుతావా అంటే నేను "ఓకే" అన్నాను, తెర పడిపోయింది. అది రిహార్సల్ కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి మా మాట "వెయ్". "రెడీ" అంటే చెయ్యి తాడు మీద పెట్టు, "వెయ్" అంటే లాగు. లోపల ఉన్నంతసేపు ఇంకే పనికీ "వెయ్" అనం. అన్నం వెయ్యమని కూడా అనం.

సీన్ల మధ్య చీకటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. చీకటి ఎనిమిది సెకన్లు. అందులో మంచం పోవాలి, బల్ల రావాలి, రెండు కుర్చీలు రావాలి, తండ్రి వేషం లుంగీ మార్చుకుని కుర్చీలో కూర్చోవాలి. పది సెకన్లు దాటితే జనం ఫోన్లు తీస్తారు, పదిహేను దాటితే మాట్లాడుకుంటారు. నేల మీద రేడియం ముక్కలు అంటించి ఉంటాయి, బల్ల కాళ్లు ఎక్కడ ఆనాలో వాటిని బట్టి తెలుస్తుంది. ఇద్దరం మంచం ఎత్తుతాం, ఎడమ పక్క నుంచి బయటికి. ఇద్దరు బల్లతో కుడి పక్క నుంచి లోపలికి. దారులు ఎక్కడా కలవకూడదు. చెప్పులు విప్పేస్తాం, చప్పుడు రాకుండా. దీన్ని మొదట లైట్లు వేసి చేస్తాం, తర్వాత కళ్లు మూసుకుని, తర్వాత చీకట్లో. నోటితో లెక్క పెడుతూ చేస్తాం: ఒకటి ఎత్తు, రెండు తిరుగు, మూడు నడువు. ఇరవై సార్లు చేశాక లెక్క నోట్లోంచి కాళ్లలోకి దిగిపోతుంది. తండ్రి వేషం లుంగీ ముడి దగ్గర ప్రెస్ బటన్ కుట్టిస్తాం. చీకట్లో ముడి విప్పడానికి నాలుగు సెకన్లు పడితే, బటన్‌కి ఒక్క సెకను చాలు.

మన ఊళ్లలో కష్టమంతా హాలు దొరకడంలో ఉంది. అద్దె కట్టి హాలు తీసుకుంటే షో రోజు మధ్యాహ్నమే చేతికొస్తుంది. అప్పటికి అక్కడి లైట్లు ఎన్ని, ఏ మైకు పనిచేస్తుంది, తెర ఎటు లాగుతుంది అన్నవి కొత్త. హనుమకొండలో 2024 నవంబర్‌లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకున్నప్పుడు మా వాళ్లంతా సంతోషపడ్డారు. పెద్ద వేదిక ఊరికి అవసరమే. దాంతోపాటు ముందురోజు నాలుగు గంటలు తక్కువ అద్దెకు రిహార్సల్‌కు హాలు ఇచ్చే పద్ధతి ఎక్కడైనా వస్తే, చిన్న బృందాలకు అంతకంటే పెద్ద సాయం ఉండదు. ఒకసారి ఒక హాల్లో మాకు జరిగింది చెప్తాను. మైకులు చూసుకునే అతను మా రిహార్సల్‌కు రాలేదు, తండ్రి గుసగుసగా మాట్లాడతాడని అతనికి తెలియదు. వినబడటంలేదని మైకు పెంచాడు. సరిగ్గా కొడుకు గట్టిగా అరిచే మాట అప్పుడే పడింది. మైకు కూత పెట్టింది, ముందు వరుసలో పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నాటికలో అన్నిటికంటే మెత్తని ఘట్టం అక్కడే పోయింది. అతని తప్పేం లేదు. అతనికి ఆ కథలో చోటు ఇవ్వనిది మేమే. ఇప్పుడు ఏ హాలుకు పోయినా ముందు ఆ మనిషితో టీ తాగి, నోటుబుక్కు పక్కన పెట్టి ఏ పాత్ర ఎక్కడ అరుస్తుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తుందో చెప్పి వస్తాం.

డప్పు కొట్టేవాళ్ల దగ్గర ఒక చిన్న పని ఉంటుంది, నాకు అది ఎప్పుడూ చూడాలనిపిస్తుంది. ఆటకు ముందు కాగితాలో గడ్డో పోగేసి మంట వేస్తారు. డప్పును మంటకు జానెడు దూరంలో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతారు. తోలు బిగుస్తుంది. వేళ్లతో తట్టి వింటారు. బరువుగా, తడిగా పలికితే ఇంకోసారి కాపాలి. ఖంగుమంటే చాలు, ఇంకా కాపితే తోలు పగులుతుంది. వానాకాలంలో అరగంటకోసారి కాపాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కాపుకునేటప్పుడు ఒకరి డప్పు ఒకరు తట్టి చూస్తారు, అన్నీ ఒకే పలుకు పలకాలని. ఆ మంట చుట్టూ దరువులు కూడా మెల్లగా సరిచూసుకుంటారు. ఎవరూ దీన్ని సౌండ్ చెక్ అనరు. పని మాత్రం అదే.

ఇది చాలా పాత పని కూడా. భరతుడి నాట్యశాస్త్రం ఐదో అధ్యాయంలో పూర్వరంగం అని ఉంది. అందులో తొమ్మిది అంగాలు తెర వెనకే జరుగుతాయి. వాద్యాలను ఎక్కడివక్కడ అమర్చడం ప్రత్యాహారం. పాడేవాళ్లు తమ చోట కూర్చోవడం అవతరణం. గొంతు సరిచేసుకోవడం ఆరంభం. వాద్యాలను వాయించడానికి సిద్ధం చేయడం ఆశ్రావణ. తంత్రులను సరిచూసుకోవడం పరిఘట్టన. ఇలా వరుసగా వాద్యాలన్నీ కలిసి పలికే దాకా పోతుంది. తెర తీసేది ఆ తర్వాతే. ఇదంతా పూజలో భాగమని మనం అనుకుంటాం, కానీ చదువుతుంటే నాకు మా మధ్యాహ్నం హాలే కళ్లముందు కనిపించింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి వాద్యం ముందు పలకాలి, అన్నీ కలిపితే ఎలా వినబడుతుంది? ఈ ప్రశ్నలు అప్పుడూ ఇవే.

వేషాలతో చేసే ఆఖరి రిహార్సల్‌లో ఎన్నడూ అనుకోని చిక్కులు బయటపడతాయి. చిందు కిరీటాలు, భుజకీర్తులు తేలికపాటి కర్రతో చేస్తారు. అయినా గంటల తరబడి తిరుగుతుంటే మెడ పట్టేస్తుంది, మొదటిసారి కట్టుకున్నవాళ్లకు తల తిప్పడమే మర్చిపోయినట్టు ఉంటుంది. నాటకంలో చీర కట్టుకున్నాక పరుగు పరుగులా ఉండదు. కొత్త చెప్పులు చెక్క వేదిక మీద టకటకమంటాయి. తెల్ల చొక్కా మీద పసుపు లైటు పడితే ముఖం కనబడదు, చొక్కానే కనబడుతుంది. ఆఖరి రిహార్సల్ చెడిపోతే షో బాగా వస్తుందని మా రంగంలో ఒక నమ్మకం ఉంది. టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ధైర్యం చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది, నేనూ చెప్తాను. కానీ నేను చూసినంతలో ఆఖరి రిహార్సల్‌లో చెడి, రాత్రి కూర్చుని సరిచేయని ప్రతి చోటా షోలో మళ్లీ చెడింది.

షో రోజు కొత్త మార్పు ఏదీ చేయకూడదు. ఇది మా ఒక్క గట్టి నియమం. మధ్యాహ్నం నటులందరూ గుండ్రంగా కూర్చుని నాటిక మొత్తం వేగంగా, ఏ భావం లేకుండా, మాటకు మాట అంటిస్తూ చెప్పుకుంటారు. గంట నాటిక పాతిక నిమిషాల్లో అయిపోతుంది. ఎవరి అతుకు వదులైందో అక్కడ తెలిసిపోతుంది. తర్వాత మేకప్. మొదటి బెల్లుకు లోపలి మాటలు తగ్గుతాయి. రెండో బెల్లుకు సామాను చోట్లు ఆఖరిసారి చూసుకుంటాం. ఆట మొదలయ్యే మూడో బెల్లుకు నా వేలు స్విచ్ మీద ఉంటుంది. మొన్నటి నాటికలో ఆ సమయంలో పక్కకు చూస్తే, "రేపు కూడా రావాల్నా" అని అడిగిన కుర్రాడు చీకట్లో నిలబడి పెదాలు కదుపుతున్నాడు. వింటే అవి వాడి మాటలు కావు, తల్లివి.

ఆట అయ్యాక సామాను వ్యాన్‌లోకి ఎక్కించి, బస్టాండ్ దగ్గర టీ తాగుతూ నోటుబుక్కు తీశాం. రెండో సీన్‌లో బల్ల అర అడుగు ఎడమకు పడింది. నీలం లైటు ఐదు లెక్కలకు బదులు మూడింటికే పోయింది, అది నా పొరపాటు. తండ్రి కండువా కుర్చీ మీదే మర్చిపోయాడు, కొడుకు దాన్ని తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. ఆ కండువా సంగతి అలాగే ఉంచుదామని దర్శకుడన్నాడు. పేజీ చివర రాసుకున్నాను.